ఖాలా డబ్బాల ఉత్తరాలు

సియోల్

అమ్మా,

నేను మంచిగున్న. తొక్కు డబ్బా పగలకుండనే వచ్చింది, మూతకాడ జర నూనె కారిందంతే, బాపుకు చెప్పు. ఇది ఫోన్ల చెప్తే నువ్వు నడుమ నడుమ బాపును పిలుస్తవు, అందుకే రాస్తున్న.

మొన్న ఇక్కడ చుసోక్ పండుగ. మన పెత్రమాస లెక్క పోయినోళ్లకు పెట్టుకుంటరు. మా ఓనరమ్మకు 83 ఏండ్లు. కారు నడపమని నన్ను ఇమ్జిన్‌గాక్ తోలుకపోయింది. ఉత్తర కొరియా సరిహద్దు పక్కనే. ఉత్తరం దిక్కు మొఖంపెట్టి ఒక రాతి గద్దె ఉంటది. చాప పరిచి, ఆపిల్ పండ్ల నెత్తి కోసి పెట్టి, బియ్యప్పిండి కుడుములు పెట్టి, మోకాళ్ల మీద వంగి మొక్కింది. లేవనీకె నా చెయ్యి పట్టుకున్నది. తెలివి లేక "మీ నాయన తిథి ఎప్పుడు?" అని అడిగిన.

"పోయిండని ఎవరు చెప్పిన్రు?" అన్నది. ఉంటే ఆయనకు నూటపది దాటుతయి.

వాళ్లది కెసొంగ్. 1945ల ఇద్దరు అమెరికా ఆఫీసర్లు రాత్రిపూట పటం ముందటేసుకొని 38వ అక్షాంశం మీద కొరియాను రెండు చేసి గీత కొట్టిన్రు. అప్పుడు కెసొంగ్ దక్షిణంలనే ఉండె. యుద్ధమై 1953ల కాల్పులు ఆగేసరికి గీత జరిగింది, ఊరు అటు పోయింది. ఈమె తల్లితోని ముందుగాల వచ్చింది. ఇల్లు చూసుకొని నాలుగొద్దులల్ల వస్తనన్నడట నాయన. ఆ గద్దె కాడికెల్లి కెసొంగ్, మన చార్మినార్ నుంచి పటాన్‌చెరు అంత దూరం కూడ ఉండదు.

2000 నుంచి 2018 దాక 21 సార్లు అటోళ్లను ఇటోళ్లను కలిపిచ్చిన్రు. ఒక్కోసారి దిక్కుకు ఓ వందమంది, ఇటోళ్లకైతే అదీ లాటరీల. ఈమె పేరు రాలే. ఆ తర్వాత అదీ బంద్. పేర్లు రాయించుకున్నోళ్లు లక్షా 30 వేలకు పైన, సగానికంటె ఎక్కువ పోయిన్రు. ఇప్పుడు సర్కారు ముసలోళ్ల రక్తం, వెంట్రుకలు తీసి దాస్తున్నది, రేపెప్పుడన్న అటుదిక్కు మనుమలు దొరికితే పోల్చుకోనీకె. ఈమె కూడ ఇచ్చొచ్చిందట, మోచెయ్యి చూపిచ్చి నవ్వింది. నాకైతే నవ్వు రాలే.

వాపస్ వస్తుంటె యాకుత్‌పుర ఖాలా యాదికొచ్చింది. పోలీస్ యాక్షన్ తర్వాత వాళ్లన్న కరాచీ పోయిండని, అక్కడ కూడ ఒక హైదరాబాద్ కాలనీ ఉన్నదని, బగారా బైంగన్ మనలెక్కనే వండుతరని చెప్పేది కద. ఆయన ఉత్తరాలు రేకు డబ్బాల వక్కల కింద పెట్టుకునేది, తీస్తే జర్దా వాసన. 65 యుద్ధానికి బంద్ అయినయి, మళ్లొచ్చినయి, 71ల మళ్ల బంద్. ఆమె కథ మొదలుపెట్టంగనే నేను పతంగి పట్టుకొని ఉరికేటోన్ని.

ఓనరమ్మకు ఇదంత చెప్పిన. యుద్ధం గురించి ఒక్క ముచ్చట అడగలే. "ఉత్తరాలు వచ్చేటియా?" అన్నది. కొంచెం దూరం పోయినంక మళ్ల అదే. ఇక్కడ అటూ ఇటూ టపా లేదమ్మా, ఫోను లేదు.

ఖాలా ఇంటికి పోయినప్పుడు ఆ డబ్బా తీపిచ్చి ఒక్క ఉత్తరం ఫొటో పంపు. చదువరాకున్నా సరే ఓనరమ్మ చూస్తదట. లిఫాఫా మీది స్టాంపు కూడ కనపడాలె అన్నది.

నీ చిన్నోడు