జిమ్నాస్టుల కనీస వయసు 18కి పెంచాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఆదివారం క్రీడా పేజీలో రిథమిక్ జిమ్నాస్టిక్స్ మీద మీరు వేసిన కథనం చదివాను. రిబ్బన్ తిప్పుతున్న అమ్మాయి ఫొటో ఎంతో బాగుంది. దాని కింద రాసిన ‘పువ్వులాంటి తేలికైన శరీరం’ అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. మా అమ్మాయి తొమ్మిదేళ్లు ఈ ఆట ఆడింది. ఆ తేలికదనం ఎలా వస్తుందో దగ్గరుండి చూసిన తల్లిని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనం చూసేది 90 సెకన్ల విన్యాసమే. 13 మీటర్ల చదరంలో హూప్ (పెద్ద రింగు), బంతి, క్లబ్స్ (చిన్న గదల్లాంటి జంట కర్రలు), రిబ్బన్, వీటిలో ఒక్కోసారి ఒక్కోటి. 6 మీటర్ల పొడవుండే రిబ్బన్ ఎక్కడైనా ముడిపడితే మార్కులు పోతాయి. పోటీకి ముందు రాత్రి మా అమ్మాయి దాన్ని తనే ఇస్త్రీ చేసుకునేది, నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. రోజుకు ఐదారు గంటల సాధన. ఆ కష్టం గురించి నేనేమీ అనను. ఆ ఆటంటే తనకు ప్రాణం.

నా బాధంతా బరువు యంత్రం గురించే. 12వ ఏడు వచ్చినప్పటి నుంచి శిక్షణ కేంద్రంలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బరువు చూసేవారు. ఒకరోజు నేను కాస్త ముందుగా వెళ్లాను. పిల్లలు వరుసలో నిలబడి ఉన్నారు. మా అమ్మాయి తన వంతు రాకముందే కొప్పుకు పెట్టుకున్న పిన్నులు ఒక్కొక్కటే తీసి, వెనకున్న అమ్మాయి అరచేతిలో పెడుతోంది. యంత్రం దిగాక మళ్లీ జుట్టు ముడేసుకుని, అవే పిన్నులు పెట్టుకుంది. ఆ వెంటనే రెండో అమ్మాయి తన పిన్నులు తీయడం మొదలుపెట్టింది. వాటి బరువెంత ఉంటుందండీ? ఆ వరుసలో ఎవరికీ అది వింతగా కూడా అనిపించలేదు.

14 నిండినా నెలసరి రాలేదు. ‘ఈ ఆటలో అందరికీ ఆలస్యమే’ అన్నారు. నేనూ నమ్మాను, అందులో నా తప్పూ ఉంది. మరుసటి ఏడాది పాదం ఎముకలో సన్నటి పగులు వచ్చింది. కిందపడిందీ లేదు, దెబ్బ తగిలిందీ లేదు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూడగానే, ‘రోజుకు ఎన్నిసార్లు అన్నం తింటావమ్మా?’ అని అడిగింది. పిల్ల జవాబు చెప్పకుండా నా మొహం చూసింది. చేసే శ్రమకు తగ్గ తిండి లేకపోతే నెలసరి ఆగిపోతుంది, ఎముకలు బలహీనపడతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే దీనికి ‘రెడ్-ఎస్’ అని పేరు పెట్టి అందరినీ హెచ్చరించింది. మాకు మాత్రం ఆ మాట ఎక్స్‌రే తీశాకే తెలిసింది.

ఇదేదో మా ఒక్క ఇంటి గోడు కాదు. 2022లో ఇటలీ జాతీయ జట్టులో ఆడిన అమ్మాయిలు అందరి ముందూ బరువు చూసి అవమానించేవారని బయటపెట్టారు. రష్యాకు చెందిన యానా కుద్రియావ్‌త్సేవా 2013లో 15 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయింది. 2016 రియో ఒలింపిక్స్‌లో ముందంజలో ఉండగా ఒక క్లబ్ చేజారి రజతం దక్కింది. పాదం గాయంతో 19 ఏళ్లకే ఆట మానేసింది. వ్యక్తిగత విభాగంలో రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఒకే ఒక్క జిమ్నాస్ట్ ఎవ్‌గేనియా కనాయెవా కూడా 22 ఏళ్లకే వీడ్కోలు చెప్పేసింది.

దీనికి పెద్ద కారణం వయసు నిబంధన అని నా నమ్మకం. 16 ఏళ్లు నిండే సంవత్సరం నుంచే సీనియర్ పోటీలకు అనుమతి ఉంది. అప్పటికి అన్నీ వచ్చేయాలంటే 12, 13 ఏళ్లకే విన్యాసాలన్నీ సిద్ధం కావాలి. సరిగ్గా ఆ వయసులోనే ఆడపిల్ల శరీరం మారుతుంది. ఎత్తు పెరుగుతుంది, నడుము కింద వెడల్పవుతుంది, ఒంటికాలి మీద తిరిగేటప్పుడు బ్యాలెన్స్ తప్పుతుంది. కొత్త శరీరంతో పాత విన్యాసం మళ్లీ నేర్చుకోవడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. ఆ సమయం ఇవ్వలేని పెద్దవాళ్లు ఎదుగుదలనే ఆపాలని చూస్తారు.

ఎదిగిన స్త్రీ ఈ ఆట ఆడలేదంటే నేను ఒప్పుకోను. స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా రోడ్రిగెజ్ 30 ఏళ్ల వయసులో రియో ఫైనల్లో 8వ స్థానంలో నిలిచింది. ఫిగర్ స్కేటింగ్ సమాఖ్య 2022లో సీనియర్ల కనీస వయసును 15 నుంచి 17కి పెంచాలని నిర్ణయించింది. అక్కడ చేయగలిగింది ఇక్కడ ఎందుకు చేయకూడదు? వయసు పెంచినా కోచ్‌లు ఐదేళ్లకే శిక్షణ మొదలుపెడతారు కదా అని కొందరు అంటారు. మొదలుపెట్టనివ్వండి, ఒళ్లు సాగే గుణం చిన్నప్పుడే అలవడాలి. కానీ పోటీ 18కి అయితే, 13వ ఏట పిల్ల రెండు కిలోలు పెరిగిందని ఎవరూ టెన్షన్ పడరు. బరువు, నెలసరి, గాయం లాంటివి చూసే డాక్టరు కూడా కోచ్ చెప్పుచేతల్లో ఉండకూడదు.

ఈ వయసు మార్పు గురించి అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్యను మీ పత్రిక తరఫున అడగమని కోరుతున్నాను. ఈసారి ఏ ఛాంపియన్ గురించి రాసినా ఆమె ఎంత తేలిగ్గా ఉందో కాకుండా, ఎన్నేళ్లకు మొదలుపెట్టిందో, ఎన్ని గాయాలతో ఆడుతోందో, చదువు ఎంతవరకు సాగిందో కూడా రాయండి. ఇప్పుడు 23 ఏళ్ల మా అమ్మాయి వారానికి రెండు రోజులు చిన్నపిల్లలకు ఈ ఆటే నేర్పుతోంది. మీ పేజీ కత్తిరించి ఆ పిల్లలకు చూపిస్తుంది.

ఇట్లు,
ఒక మాజీ జిమ్నాస్ట్ తల్లి