బేగంపేట చలి వేరు, కొల్లూరు చలి వేరు

సంపాదకుడు గారికి,

నమస్కారం. చలికాలం వచ్చిందంటే మీ పత్రికలో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: 'రాగల రెండు మూడు రోజుల్లో కనిష్ఠ ఉష్ణోగ్రతలు సాధారణం కన్నా రెండు, మూడు డిగ్రీలు తక్కువగా నమోదయ్యే అవకాశం ఉంది.' వాతావరణ కేంద్రం తన పని తాను చేసి ఆ మాట చెబుతుంది. అది చదివాక హైదరాబాద్‌లో ఎవరు ఏం చేయాలన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ఏ ఏరియాలో చలి ఎక్కువ ఉంటుంది, ఏ టైములో ముదురుతుంది, ఆ రాత్రికి కార్పొరేషన్ వాళ్లు ఏం ఏర్పాటు చేశారు అనేది తెలియదు. ఈ లోటు గురించే రాస్తున్నాను.

మన ఊరి ఉష్ణోగ్రత అంటే చాలామందికి బేగంపేటలో నమోదయ్యే అంకె. 1946 జనవరి 8న 6.1 డిగ్రీలకు పడిపోయిన రికార్డు కూడా అక్కడిదే. ఇప్పుడు ఆ బేగంపేట నగరం నడిబొడ్డున ఉంది. పగలంతా ఎండకు కాగిన కాంక్రీటు, తారు రోడ్లు రాత్రంతా ఆ వేడిని మెల్లగా వదులుతూ ఉంటాయి కాబట్టి ఊరి మధ్యలో చలి అంతగా పడదు. శివార్లలో అలా కాదు. ఆకాశంలో మబ్బు లేకుండా, ఉత్తరం నుంచో ఈశాన్యం నుంచో పొడిగాలి వీస్తుంటే నేల తన వేడిని త్వరగా పోగొట్టుకుంటుంది. సెంట్రల్ యూనివర్సిటీ, పటాన్‌చెరు, రాజేంద్రనగర్, ఇబ్రహీంపట్నం వైపు కొన్ని రోజుల్లో బేగంపేట కన్నా నాలుగైదు డిగ్రీలు తక్కువ నమోదవుతుంది. రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఈ లెక్కలన్నీ రోజూ ఇస్తూనే ఉన్నాయి.

నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇక్కడే ఉంది. నగరంలో చలి ఎక్కువ పడే పడమటి అంచునే పెద్ద పెద్ద భవనాలు లేస్తున్నాయి. నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్, కొల్లూరు వైపు ఒకసారి వెళ్లి చూడండి. ముప్పై, నలభై అంతస్తుల టవర్ల పక్కనే రేకుల షెడ్లు వరసగా కనిపిస్తాయి. ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు, మన పాలమూరు వాళ్లు చంటిపిల్లలతో అందులోనే ఉంటారు. రేకు పగలు ఎంత త్వరగా వేడెక్కుతుందో రాత్రి అంత త్వరగా చల్లబడుతుంది. కింద చూస్తే గచ్చు లేని నేల, పైన ఒక పలుచటి దుప్పటి. అర్ధరాత్రి దాటాక దిగడం మొదలైన చలి సూర్యోదయం వేళకు ముదురుతుంది. సరిగ్గా ఆ వేళకే ఆడవాళ్లు లేచి చన్నీళ్లతో అంట్లు తోముకుంటూ ఉంటారు. బేగంపేటలో 13 డిగ్రీలు అని పేపర్లో చదివి మనం స్వెటర్ వేసుకోవాలా వద్దా అని ఆలోచిస్తాం. ఆ అంకెతో వాళ్లకు సంబంధమే లేదు. ఆ వార్త తెలుగులో తప్ప ఇంకే భాషలోనూ వాళ్ల దాకా వెళ్లదు కూడా.

ఎండాకాలానికి మన రాష్ట్రంలో ఒక పద్ధతి ఏర్పడింది. వడగాడ్పుల ప్రణాళిక ఉంది. చలివేంద్రాలు పెడతారు, దవాఖానాల్లో ఓఆర్ఎస్ ప్యాకెట్లు సిద్ధంగా ఉంచుతారు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం ఇస్తామంది. చాలా మంచి నిర్ణయం. మరి చలి సంగతేమిటి? విపత్తు సహాయ నిధి కోసం కేంద్రం ఇచ్చిన జాబితాలో శీతల గాలులు అప్పటికే ఉన్నాయి. అంటే కొత్తగా ఏ జీవో కోసమూ ఎదురుచూడాల్సిన పని లేదు. అయినా మనకు చలికాలం ప్రణాళిక అనే మాటే వినపడదు.

ఒక కారణం నాకు అర్థమవుతోంది. వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో శీతల గాలులు అని ప్రకటించాలంటే కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకన్నా కిందికో దిగాలి, పైగా సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గాలి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీలో ఇది జరుగుతుంది, అక్కడ చలి ముదిరినప్పుడు స్కూళ్ల టైమింగ్స్ కూడా మారుస్తారు. బేగంపేటలో చాలా అరుదు. శాస్త్రం కోసం పెట్టుకున్న ఆ కొలతను నేను తప్పుపట్టడం లేదు. కానీ ఫుట్‌పాత్ మీద పడుకున్న ముసలాయనకు 12 డిగ్రీలు కూడా ప్రాణాంతకమే. వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరిక రంగు పసుపుకు మారేదాకా ఆగకుండా, శివార్లలో ఏ కేంద్రంలోనైనా 12 డిగ్రీలకు తగ్గుతుందని సూచన రాగానే కార్పొరేషన్ కదిలేలా ఒక నియమం పెట్టుకోవచ్చు.

ఏం చేయాలో కూడా కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ప్రతి లక్ష పట్టణ జనాభాకు కనీసం 100 మందికి సరిపడే ఒక రాత్రి బస కేంద్రం ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనలు చెప్పాయి. 2011 లెక్కల ప్రకారమే గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు దాటింది. ఆ లెక్కన 67 కేంద్రాలైనా ఉండాలి. మనం దాని దరిదాపుల్లో కూడా లేం. ఉన్న కొన్నీ ఎక్కడున్నాయో పక్క వీధిలో వాళ్లకే తెలియదు. పెద్ద సర్కారు దవాఖానాల గేట్ల ముందు జిల్లాల నుంచి వచ్చిన పేషెంట్ల బంధువులు అట్టముక్కలు పరుచుకుని పడుకోవడం ప్రతి డిసెంబరులో చూస్తున్నాం. కొత్త భవనాలు కట్టేదాకా ఆగకుండా, చలి సూచన ఉన్న ఆ నాలుగైదు రాత్రులైనా కమ్యూనిటీ హాళ్లు తెరిచి, కింద పరుచుకోవడానికి, కప్పుకోవడానికి ఇస్తే చాలు. రోడ్లు ఊడ్చే అమ్మలకు ఆ కొద్ది రోజులైనా డ్యూటీ ఒక గంట ఆలస్యంగా మొదలుపెడితే నగరానికి వచ్చే నష్టమేమీ లేదు. అదే వేళకు మంచు పొగ కూడా కమ్ముకుంటుంది. ఎదురుగా వచ్చే లారీకి వాళ్లు కనిపించరు.

కుంపటి గురించి ఒక్క మాట. తలుపులు, కిటికీలు మూసేసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరి నిద్రలోనే ప్రాణం పోతుంది. దానికి వాసన ఉండదు, తెలిసే లోపే ఒళ్లు స్వాధీనం తప్పుతుంది. చలి వార్త వేసిన ప్రతిసారీ ఈ హెచ్చరిక పక్కనే ఉండాలి.

ఇక మీ పత్రికను కోరేది. చలికి 'పంజా' అనే హెడ్డింగు చాలా ఏళ్లుగా చూస్తున్నాం. దాని బదులు డిసెంబరు, జనవరి నెలల్లో సిటీ ఎడిషన్ మొదటి పేజీలో ఒక చిన్న పట్టిక వేయండి. రానున్న మూడు రాత్రులకు బేగంపేటతో పాటు పటాన్‌చెరు, శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్, హయత్‌నగర్, శంషాబాద్‌లలో ఎంతకు తగ్గవచ్చో అందులో ఉండాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి మబ్బు పడితే రాత్రి చలి తగ్గుతుంది, మళ్లీ ఆకాశం తేటపడగానే పెరుగుతుంది. ఆ మార్పు ఎప్పుడో ఒక్క వాక్యంలో చెప్పండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద పొగమంచు సూచన, దగ్గర్లోని రాత్రి బస కేంద్రం చిరునామా, ఫోన్ నంబరు కూడా వేయండి. అదే పట్టికను హిందీలో, ఒడియాలో ముద్రించి లేబర్ క్యాంపుల గోడలకు అంటించేలా కార్మిక శాఖను, బిల్డర్లను అడగండి. మీరు పేజీలో పెట్టి అడిగితే వాళ్లు జవాబు చెప్పక తప్పదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చందానగర్, హైదరాబాద్