ఈలలు సంచిలో వేసి రండి

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

చిట్టీ,

నీ గైడు పిల్లలకు మన విశాఖ జూ చూపించడానికి నువ్వు వేసి పంపిన ఏర్పాట్ల కాగితం అందింది. రెండుసార్లు చదివాను. మూడు గంటల్లో ఇరవై ఆరు జంతువులు! మీ అమ్మ నా భుజం మీదుగా తొంగిచూసి, "ఇది జూ చూసే ఏర్పాటా, శుభలేఖలు పంచాల్సిన ఇళ్ల జాబితానా?" అంది. నవ్వేశాను గానీ నా మనసులో మాట కూడా అదే. ఆ జూ 625 ఎకరాలమ్మా. కంబాలకొండ అడవిని ఆనుకుని ఉన్న ఎత్తుపల్లాల నేల. నడకకే సగం పొద్దు పోతుంది. మిగిలిన సమయాన్ని ఇరవై ఆరుతో భాగించి చూడు, ఒక్కో జంతువుకు మూడు నిమిషాలు దక్కుతాయి. ఆ మూడు నిమిషాల్లో వెనక వరస పిల్లకు కనిపించేది ముందు వరస పిల్ల జడ ఒక్కటే.

స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఆడపిల్లల దళాన్ని నడిపే గైడ్ కెప్టెన్‌గా శిక్షణ పొందినదానివి నువ్వు. ఆ విషయంలో నీకు నేను చెప్పగలిగేది లేదు. కానీ ముప్పై ఏళ్లకు పైగా కీపరుగా జాలీకి అవతలి వైపు నిలబడి, ఇవతలికి వచ్చిపోయే పిల్లల గుంపులను చూసినవాణ్ని. ఆ అనుభవంతో అంటున్నాను, ఆ జాబితా చింపెయ్యి. రెండు జంతువులను ఉంచు: ఎలుగుబంటి, రేచుకుక్క అనే అడవికుక్క. పులి, సింహం, నీటిగుర్రం దారిలో ఎలాగూ కనిపిస్తాయి. చూసి నడుచుకుంటూ వచ్చెయ్యండి.

ముందు చిన్న విషయాలు చెబుతాను. సోమవారం రావద్దు, ఆ రోజు మూసి ఉంటుంది. దేశంలో ఏ జూ అయినా వారానికి ఒక రోజు సందర్శకులకు సెలవు ఇవ్వాలని నియమం. నీ చిన్నప్పుడు "సోమవారం సెలవు కదా, మరి నువ్వెందుకు వెళ్తున్నావు?" అని గేటు దాకా ఏడ్చుకుంటూ వచ్చేదానివి. ఆ సెలవు జంతువులకే గానీ కీపరుకు కాదు. పులులకు, సింహాలకు వారంలో ఒక రోజు మాంసం పెట్టరని కూడా పిల్లలకు చెప్పు, మీ అమ్మ శనివారం ఉపవాసంతో పోల్చి చెబితే వెంటనే అర్థమవుతుంది. అడవిలో పులికి రోజూ వేట దొరకదు కదా. రోజూ కడుపు నిండా పెడితే కొవ్వు పట్టి మూలన పడుకుంటుంది.

పలాస నుంచి తెల్లవారుజామున రైలెక్కి వస్తామని రాశావు. అలా వస్తే జూలో అడుగుపెట్టేసరికి ఎండెక్కుతుంది, జంతువులన్నీ నీడకు చేరి నిద్రపోతుంటాయి. ముందు రోజు సాయంత్రమే వచ్చి, ఊళ్లో ఏదైనా బడిలో రాత్రి బస చేయండి. ఎలాగూ మీ వాళ్లకు శిబిరాల అలవాటు ఉంది. తొమ్మిదికి గేటు తెరవగానే లోపల ఉండాలి. ఇంకో మాట. జూను చూసుకునే అధికారి, అదే క్యూరేటర్ పేర నెల ముందే ఉత్తరం పెట్టు. ఎంతమంది వస్తున్నారు, ఏ వయసువాళ్లు, ఏం చేయాలనుకుంటున్నారు అన్నీ విడమరిచి రాయి. వంటశాల చూపించమని ప్రత్యేకంగా అడుగు. ఒప్పుకుంటే మాత్రం వదులుకోవద్దు. ఏ జంతువుకు ఎంత తిండి అన్నది తూకం వేసి, గిన్నెల్లో సర్ది పంపే ఆ గది ముందు పిల్లలు నోళ్లు తెరుచుకుని నిలబడిపోవడం ఎన్నిసార్లు చూశానో. పేడ గురించి కూడా సిగ్గుపడకుండా చెప్పు. ఉదయం కీపరు మొదట చూసేది జంతువు ముఖాన్ని కాదు, అది వేసిన పేడను. దానికి ఒంట్లో బాగుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. ఆరో తరగతి పిల్లలు జూ గురించి ఏం మరిచిపోయినా ఇది మరిచిపోరు.

ఇక ఎలుగుబంటి దగ్గరకు వద్దాం.

మీ పిల్లలు ఉద్దానం వాళ్లు. హైదరాబాదు పిల్లలకు ఎలుగుబంటి అంటే బొమ్మ. మీవాళ్లకు అది జీడితోటలో, చీకటి విడీవిడని వేళ ఎదురుపడే భయం. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు వైపు జరిగినదాన్ని ఆ పిల్లల్లో కొందరైనా ఇంట్లో పెద్దల నోట వినే ఉంటారు. మనిషి ప్రాణం పోయింది, పట్టుబడిన ఎలుగు కూడా చివరికి బతకలేదు. అలాంటి పిల్లలను తీసుకొచ్చి "చూడండి, ఎంత ముద్దుగా ఉందో" అంటే వాళ్లు నీ ముఖం వైపు వింతగా చూస్తారు. అందుకే అరగంట ఊరికే కూర్చోబెట్టు. నీ దళంలో నాలుగు పెట్రోళ్లు, అంటే చిన్న జట్లు, ఉన్నాయి కదా, మల్లె, మందారం, చామంతి, కలువ. (మగపిల్లల పెట్రోళ్లకు పులి, డేగ, మీకేమో పువ్వులు! ఆ పద్ధతి పెట్టినవాళ్లు ఎప్పుడైనా ఎదురైతే అడగాలని ఉంది.) మల్లెవాళ్లు ముందు కాళ్లను, మందారంవాళ్లు నోటిని, చామంతివాళ్లు ముక్కును, చెవులను, కలువవాళ్లు అది ఎటు నుంచి ఎటు నడుస్తోందో గమనించాలి. ఎవరూ మాట్లాడకూడదు. చూసింది పుస్తకంలో రాసుకోవాలి. ఆ తరువాత ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పుకోవాలి.

వాళ్లకు ఏం దొరుకుతుందో ఇప్పుడే చెప్పేస్తాను. గోళ్లు కొడవలిలా వంగి, పొడుగ్గా ఉంటాయి. అవి పుట్టలు తవ్వడానికి. పై దవడలో నడిమి పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి చెదపురుగులను గాలితో పాటు లాగేస్తుంది. లాగేటప్పుడు ముక్కు రంధ్రాలు మూసుకుంటుంది, దుమ్ము పోకుండా. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. చెదలు, చీమలు, తేనె, రేగుపండ్లు, నేరేడుపండ్లు, ఇప్పపువ్వు దాని తిండి. జీడిపండు, పనసపండు దొరికితే ఇక చెప్పనక్కర్లేదు. ఇప్పుడు పిల్లలను అడుగు, "మరి మీ తోటకు అది ఎందుకు వస్తోంది?" అని. జవాబు వాళ్ల నోటి నుంచే రానివ్వు, నువ్వు అందించకు.

తరువాతి ప్రశ్న ఇంకా ముఖ్యం. మనిషిని తినని జంతువు మనిషి మీద ఎందుకు పడుతుంది? చామంతివాళ్ల పుస్తకంలో దానికి జవాబు ఉంటుంది. దాని చూపు అంతంత మాత్రం, వినికిడి కూడా గొప్పదేమీ కాదు. ముక్కు ఒక్కటే దిట్ట. తల దించి పుట్ట తవ్వుకుంటూ ఉంటే, గాలి దాని వైపు నుంచి మనిషి వైపు వీస్తుంటే, మనిషి పది అడుగుల దగ్గరకు వచ్చేదాకా దానికి తెలియదు. తెలిసిన క్షణంలో బెదిరి మీద పడుతుంది. వీపు మీద పిల్లలుంటే ఇక చెప్పేదేముంది. కాబట్టి తోటకు ఒంటరిగా వెళ్లవద్దు, నలుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లాలి. ఈ ముక్క నేను చెబితే ఉపన్యాసం అవుతుంది. ఎలుగు చెవులను అరగంట చూసిన పిల్ల ఇంటికి వెళ్లి అమ్మమ్మకు చెబితే అమ్మమ్మ వింటుంది.

చేతులతో చేసే పని కూడా ఒకటి ఉండాలి కదా. నువ్వు నేర్పిన ముడులు ఇక్కడ పనికొస్తాయి. ఎలుగులకు, కోతులకు ఊరికే గిన్నెలో తిండి పెడితే రెండు నిమిషాల్లో తినేసి రోజంతా గోడ వెంబడి తిరుగుతుంటాయి. అందుకే దుంగకు రంధ్రాలు చేసి తేనె పూస్తారు, వెదురు గొట్టాల్లో పల్లీలు నింపి వేలాడదీస్తారు. తిండి కోసం కాస్త బుర్ర పెట్టాలన్నమాట. జూ వాళ్లు సరేనంటే మీ గైడ్లు వెదురు గొట్టాలు కోసి, తాళ్లతో కట్టి తీసుకురావచ్చు. నైలాన్ తాడు మాత్రం వద్దు, పీచులు ఊడి కడుపులోకి పోతాయి. కొబ్బరి తాడు వాడండి. ఉచ్చులా బిగిసే ముడి ఎక్కడా ఉండకూడదు, వేలో మెడో ఇరుక్కుంటుంది. కట్టినదాన్ని డాక్టరు చూసి సరేనన్న తరువాతే లోపలికి పోతుంది. అవతల పెట్టేది కీపరు, మీరు కాదు. ఆ తరువాత అది గొట్టాన్ని ఎలా పగలగొడుతుందో కూర్చుని చూడండి. తను కట్టిన ముడి నిలిచిందా, ఊడిందా అని చూసుకునే పిల్ల కళ్లు వేరుగా ఉంటాయి.

రేచుకుక్కల విషయంలో మన జూకు ఒక ప్రత్యేకత ఉంది. దేశంలో వాటి సంతతిని పెంచే బాధ్యత విశాఖ జూది. ప్రపంచం మొత్తం మీద అడవుల్లో మిగిలిన పెద్దవి 2,500 కంటే తక్కువేనని శాస్త్రజ్ఞుల అంచనా. పులి కంటే అరుదైపోతున్నా వాటిని పట్టించుకునేవాళ్లు లేరు. గుంపుగా వేటాడతాయి, వేట పడ్డాక పిల్లలకు ముందు తిననిస్తాయి. ఊరకుక్కలా మొరగవు. ఒకదాన్నొకటి ఈలతో పిలుచుకుంటాయి. నీకు గుర్తుందో లేదో, ఏడేళ్లప్పుడు ఆ ఈల నేర్చుకుని రాత్రి పూట ఇంట్లో వేస్తుంటే, "చీకట్లో ఈల వేస్తే పాములొస్తాయే" అని మీ అమ్మ కేకలేసేది. నువ్వు ఆపేదానివి కాదు. పాము మాత్రం ఒక్కటీ రాలేదు.

ఆ ఈల గురించే అసలు మాట. ప్రతి పిల్లకూ ఒక ఈల కొన్నానని సంతోషంగా రాశావు. అవి లోపలికి తీసుకురావద్దు. ఎందుకో చెబుతాను.

చాలా ఏళ్ల కిందట ఒక స్కౌటు దళం వచ్చింది. ఏ ఊరన్నది అనవసరం. మధ్యాహ్నం వెళ్లే వేళకు పిల్లలు నాలుగు దిక్కులా చెల్లాచెదురయ్యారు. మాస్టారు దుప్పుల ఎన్‌క్లోజర్ పక్కన నిలబడి పొట్టిగా, వడివడిగా ఈల వేశారు, అందరూ రండి అనే సంకేతం. పిల్లలు వచ్చారు. దుప్పులు మాత్రం ఒక్కసారిగా లేచి కంచె మీదికి దూకాయి. ఒక మగదుప్పికి అప్పుడే కొత్త కొమ్ములు వస్తున్నాయి. ఆ దశలో కొమ్ము మీద మెత్తటి చర్మం ఉంటుంది, దాని కింద నెత్తురు పారుతుంది. జాలీకి కొట్టుకుని కొమ్ము విరిగింది. దాని ముఖమంతా నెత్తురు. దుప్పికి భయమే సగం జబ్బు. పట్టుకుని కట్టు కడదామంటే ఆ పట్టుకోవడంలోనే ప్రాణం పోవచ్చు. డాక్టరు, నేను రాత్రంతా నీడలా దాని దగ్గరే ఉన్నాం. బతికింది. ఆ మాస్టారిది తప్పని నేను ఎప్పుడూ అనలేదు. మెళ్లో ఈల చూసి కూడా గేటు దగ్గర చెప్పకుండా వదిలేసింది నేను.

మీ దగ్గర చేతి సంకేతాలు ఉన్నాయి కదా, ఆ రోజంతా వాటితోనే నడిపించు. ముప్పై రెండు మంది పిల్లలు చప్పుడు లేకుండా ఒక్క చెయ్యెత్తితే ఆగడం నేను కూడా చూడాలి. గైడు జంతువులకు నేస్తం, ప్రకృతిని ప్రేమిస్తుంది అని మీ నియమాల్లో ఐదోది చెబుతుందని నువ్వే కదా నాకు చదివి వినిపించావు. ఆ నియమాన్ని జూలో చప్పుడు చేయకుండా పాటించాలి. తినుబండారాల సంచులు కూడా గేటు బయటే వదలండి. జంతువులకు ఏదైనా పెట్టడం, ఏడిపించడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పక్కన నిలబడ్డ పెద్దమనిషి పల్లీలు విసురుతుంటే మీ గైడు పిల్ల మర్యాదగా "వద్దండీ" అని చెబితే చాలు. నేను యూనిఫారంలో అరిస్తే నవ్వేవాళ్లు కూడా చిన్నపిల్ల అడిగితే చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్లు.

ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా వస్తుంది, దానికి సిద్ధంగా ఉండు. "ఇది ఇక్కడ సంతోషంగా ఉందా టీచర్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఒక పిల్లవాడు సింహం ముందు అడిగాడు. "ఆఁ, మూడు పూటలా తిండి, ఇంకేం కావాలి" అన్నాను. వాడు నన్ను నమ్మలేదు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. తరువాత సర్కసుల నుంచి వచ్చిన సింహాలను చూశాను. 1998లో కేంద్రం సింహం, పులి, చిరుత, ఎలుగు, కోతులను ఆడించకూడదని చెప్పాక, బోనుల్లోంచి బయటపడ్డవి. వాటిని అడవిలో వదిలితే బతకలేవు. ఇక్కడే పుట్టినవి కూడా అంతే. అదే నిజం చెప్పు. సంతోషంగా ఉందో లేదో నాకు తెలియదు, అడవికి మాత్రం తిరిగి వెళ్లే వీలు లేదు, అందుకే దాని రోజు గడవడానికి గొట్టాలూ దుంగలూ కడుతున్నాం అను. పిల్లలు ఆ జవాబు తట్టుకుంటారు.

తేదీ ఖాయం కాగానే ఫోను చెయ్యి. 2014లో హుద్‌హుద్ తుపాను కూల్చిన చెట్ల చోట మళ్లీ నాటినవి ఇప్పుడు నీడ ఇస్తున్నాయి, పన్నెండింటికి అన్నాలకు అక్కడ చోటు చూపిస్తాను. గేటు దగ్గర గుడ్డ సంచి పట్టుకుని నిలబడతాను. ముప్పై రెండు ఈలలూ, నీదీ లెక్కపెట్టి అందులో వేసుకుంటాను. సాయంత్రం బీచ్‌లో తిరిగి ఇస్తాను, అక్కడ కావలసినంత ఊదుకోండి.

అమ్మ రాయమంది: వచ్చేటప్పుడు జీడిపప్పు ఒక కేజీ తీసుకురా. క్రితంసారి బద్దలు తెచ్చావట, ఈసారి గుండ్లే కావాలి.

నాన్న