ముందు గాలి, ఆ తర్వాతే వేడి

సంపాదకులకు,

2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున టెక్సాస్‌లో కరెంటు పోయింది. ఆ వారం డాలస్‌లో చలి మైనస్ 19 డిగ్రీలకు దిగింది, ఎన్నో ఇళ్లకు రోజుల తరబడి కరెంటు రాలేదు. మళ్లీ అలాంటి చలి వస్తే అక్కడి తెలుగు ఇళ్లలోని ఉప్పునీటి అక్వేరియంలు ఏం కావాలి? అందుకే ఈ ఉత్తరం.

కరెంటు పోగానే అందరూ థర్మామీటర్ వైపే చూస్తారు. కానీ చేపల్ని ముందుగా చంపేది చలి కాదు, ఊపిరాడకపోవడం. పంపు ఆగితే నీటి పైపొర కదలదు, ఆక్సిజన్ లోపలికి చేరదు. చేపలు పైకొచ్చి గబగబా మొప్పలాడిస్తున్నాయంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండి తీరాలి. అది లేకపోతే చెంబుతో నీళ్లు తీసి అడుగు ఎత్తు నుంచి తిరిగి పోస్తూ ఉండండి. మేత మాత్రం వేయకండి.

పోర్టబుల్ బ్యాటరీకి హీటర్ తగిలించడం మేము తరచూ చూసే పొరపాటు. 500 వాట్-అవర్ల బ్యాటరీ 200 వాట్ల హీటర్‌కు రెండున్నర గంటలు కూడా చాలదు. అదే 10 వాట్ల పవర్‌హెడ్‌ను (ట్యాంకులో నీటిని కదిలించే చిన్న పంపు) ఒకటిన్నర రోజు తిప్పుతుంది. నీళ్లు 25 డిగ్రీల నుంచి మెల్లగా 21కి దిగినా చాలా చేపలు, పగడాలు ఓర్చుకుంటాయి. 18 కంటే దిగితే పగడాలు దక్కడం కష్టం.

వేడికి గ్యాస్ పొయ్యి, సీసాలు చాలు. 300 లీటర్ల ట్యాంకులో 60 డిగ్రీల నీళ్లు నింపిన రెండు లీటర్ల సీసాలు నాలుగు ముంచితే దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ సీసా ముడుచుకుపోతుంది. సీసాల మేరకు నీళ్లు పొంగుతాయి కాబట్టి ముందే ఎనిమిది లీటర్లు శుభ్రమైన బకెట్‌లోకి తీసి ఉంచండి. సీసాలు సంప్‌లో (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టి) వేస్తే లాభం లేదు, పంపు ఆగాక ఆ వేడి పైకి రాదు. వేడినీళ్లు నేరుగా పోస్తే ఉప్పు పలచబడుతుంది, దగ్గరున్న పగడం ఉడికిపోతుంది. ట్యాంకు చుట్టూ థర్మోకోల్ షీట్లు, వాటి మీద బొంతలు కప్పి, పైన జానెడు సందు వదలండి.

జనరేటర్‌గానీ, బొగ్గుల పొయ్యిగానీ ఇంట్లోకీ గ్యారేజీలోకీ తేవద్దు. 2021లో టెక్సాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ వల్ల పదిమందికి పైగా చనిపోయారు. చేపల కోసం మనుషుల్ని పోగొట్టుకోకూడదు.

ఇక, కరెంటు పోయిన వెంటనే హీటర్ ప్లగ్ తీసేయండి. సీసాలు తీసేశాక నీటి మట్టం తగ్గుతుంది. బయటపడ్డ హీటర్ గాజు, కరెంటు రాగానే కాగి పగులుతుంది. బకెట్ నీళ్లు తిరిగి పోశాకే ప్లగ్ పెట్టండి, గంటకు ఒక డిగ్రీకి మించి పెంచకండి. గంటల తరబడి ఆగిపోయిన కానిస్టర్ ఫిల్టర్‌లో (మూత బిగించిన డబ్బాలా ఉండే ఫిల్టర్) నీళ్లు కుళ్లి ఉంటాయి. వాటిని పారబోసి, లోపల కడిగాకే నడపండి. స్కిమ్మర్ (నురగతో నీటిలోని మురికిని తీసే పరికరం) ఆన్ చేసిన కాసేపు పొంగుతుంది, దగ్గరుండి చూసుకోండి.

– ఉప్పునీటి అక్వేరియంలు పెంచే కొందరం, ఫ్రిస్కో, టెక్సాస్