కథల గంటలో జరిగినదాని గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన ఆదివారం మన తెలుగు బడి కథల గంటలో ఒక పాప ఏడ్చిన సంగతి మీ అందరికీ తెలిసిపోయింది. క్లాసు వదిలేలోపే వాట్సాప్ గ్రూపులో పడింది. రాత్రికల్లా "చిన్నపిల్లలకి చావు కథలెందుకు?" అన్నదాకా వచ్చింది. నేరుగా నాకు ఫోన్ చేసి అడిగినవాళ్ళకి కృతజ్ఞతలు. మిగతావాళ్ళకి ఒక మనవి. ఆ పాప ఇంటి విషయం గ్రూపులో చర్చించకండి. వాళ్ళమ్మ కూడా అదే గ్రూపులో ఉన్నారు.

మామూలు విషయాలు ముందు చెప్పేస్తాను: వచ్చే టర్మ్ ఫీజు నెలాఖరులోగా కట్టేయండి, హాలు పక్కింటివాళ్ళ గేటుకి అడ్డంగా కార్లు పెట్టకండి, పల్లీలు పడని పిల్లలున్నారు కాబట్టి చిక్కీలు పంపకండి.

మేం చెబుతున్న కథ జెన్నీ నిమ్మో 1986లో రాసిన 'ద స్నో స్పైడర్' అనే పిల్లల నవల. మన పిల్లలు పెరుగుతున్న ఈ వేల్స్ దేశపు కథే. గ్విన్ అనే పిల్లవాడి అక్క బెథన్ ఒక తుఫాను రాత్రి వాడి గొర్రెను వెతుకుతూ కొండెక్కి, మళ్ళీ రాలేదు. తండ్రి ఆ నేరం వాడి మీద వేసి, వాడితో మనసారా మాట్లాడడమే మానేశాడు. పుట్టినరోజున బామ్మ వాడికి ఐదు వస్తువులిస్తుంది: సముద్రపు నాచు, పసుపు స్కార్ఫు, రేకు ఈల, మెలితిరిగిన బ్రోచి, విరిగిన బొమ్మ గుర్రం. మన వంశంలో గ్విడియన్ లాంటి మాంత్రికులున్నారు, నువ్వూ అంతటివాడివేమో చూసుకో అంటుంది. గ్విడియన్ వేల్స్ పురాణగాథలైన 'మాబినోగి'లోని మాంత్రికుడు.

ఆ పసుపు స్కార్ఫు అక్కది. అక్కడికి వచ్చేసరికి పాప ఏడ్చింది. పక్కన కూర్చున్న ఐదో తరగతి అబ్బాయి తన టిష్యూ ప్యాకెట్ మొత్తం ఆమె ఒళ్ళో పెట్టి, "మా తాతయ్య పోయినప్పుడు నాకూ నెల తర్వాతే చెప్పారు" అన్నాడు. వాళ్ళింట్లో అడిగే ఇది రాస్తున్నాను. ఆ అబ్బాయిని చూస్తే నాకెంత గర్వంగా ఉందో మాటల్లో చెప్పలేను. వాడు చేసిన పని మాలో ఏ టీచరూ అంత బాగా చేసి ఉండేవారు కాదు.

చావు కథలెందుకు అన్నవాళ్ళకి 'మాబినోగి'లోదే ఇంకో కథ చెబుతాను. బ్రిటన్ రాజు బెండిగైడ్‌వ్రాన్ చెల్లెలు బ్రాన్‌వెన్‌ని ఐర్లండ్ రాజుకిచ్చి పెళ్ళి చేస్తారు. అక్కడ ఆమెను వంటింట్లో పడేసి కొట్టించారు. ఆమె పిండి కలిపే తొట్టి అంచున ఒక గోరువంక జాతి పక్షిని పెంచి, మాటలు నేర్పి, రెక్కకి ఉత్తరం కట్టి అన్న దగ్గరికి పంపింది. యుద్ధమైంది. అన్నవైపు ఏడుగురే మిగిలారు. బ్రాన్‌వెన్ గుండె పగిలి వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవిలో ఆలా నది ఒడ్డున చనిపోయింది. ఆ ఏడుగురూ తమ రాజు బెండిగైడ్‌వ్రాన్ తలను మోసుకుని గ్వాలెస్ అనే చోటికి చేరారు. పెంబ్రోక్‌షైర్ తీరానికి అవతల ఉన్న గ్రాస్‌హోమ్ దీవి అదేనంటారు. అక్కడ మూడు తలుపులు. కార్న్‌వాల్ వైపున్న మూడో తలుపు మూసి ఉన్నంతకాలం ఎవరికీ ఏ దుఃఖమూ గుర్తు రాలేదు. 80 ఏళ్ళు విందుల్లో గడిపారు. ఒకరోజు వాళ్ళలో హైలిన్ అనేవాడు ఆ తలుపు తీశాడు. పోయినవాళ్ళందరూ అప్పుడే పోయినట్టు, దుఃఖమంతా ఒక్కసారిగా మీద పడింది.

మనం ఇళ్ళలో ఆ మూడో తలుపే వేసుకుని కూర్చుంటున్నాం. ఊళ్ళో పెద్దవాళ్ళు పోతే తెల్లవారుజామున గది తలుపేసుకుని వీడియో కాల్లో అంత్యక్రియలు చూస్తాం. పొద్దున్నే ముఖం కడుక్కుని "ఏం లేదు నాన్నా, జలుబు" అంటాం. పిల్లలకి అంతా తెలుస్తూనే ఉంటుంది. ఎవర్ని అడగాలో తెలీక ఊరుకుంటారు. మీ ప్రేమను నేను శంకించడం లేదు. కానీ తాతయ్య హాస్పిటల్లో ఉన్నారని నెలల తరబడి చెప్పి, పిల్లలు కథ విని ఏడిస్తే కథను తప్పుపట్టడం న్యాయం కాదు. ఇంకోమాట. రాత్రి భోజనం దగ్గర చేతికి ఐప్యాడ్ ఇచ్చేస్తే వాళ్ళు ఇవన్నీ మిమ్మల్ని ఎప్పుడు అడుగుతారు?

ఏడో తరగతి ఆడపిల్లలు బ్రాన్‌వెన్ రాసిన ఉత్తరాన్ని తెలుగులో ఊహించి రాశారు. ఒకమ్మాయి రాసింది చూడండి: "అన్నయ్యా, గట్టిగా ఏడిస్తే వింటారని పిండి కలిపేటప్పుడు ఏడుస్తున్నాను. రొట్టెలు ఉప్పగా ఉన్నాయని ఎవరూ అనలేదు." కార్డిఫ్‌లో పుట్టి పెరిగిన పిల్ల, ఒత్తు తప్పకుండా రాసింది! ఆ ఉత్తరాలన్నీ హాలు గోడకి పెట్టాం. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు కారులోనే కూర్చోకుండా లోపలికొచ్చి చదవండి.

కథ వచ్చే ఆదివారం కొనసాగుతుంది. మీరూ వెనక కూర్చుని వినొచ్చు, ఫోన్లు మాత్రం సైలెంట్‌లో పెట్టండి. మీ పిల్లలు వినకూడదనుకుంటే శుక్రవారంలోగా నాకు చెప్పండి, పక్క గదిలో బొమ్మలు వేయిస్తాం. ఇండియాలో అమ్మమ్మకో తాతయ్యకో ఒంట్లో బాగోకపోతే క్లాసు టీచర్‌కి ఒక్క ముక్క ముందే చెప్పండి. పిల్లల్ని మేం కనిపెట్టుకుని ఉంటాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు