ఏం రాయాలో తోచని వాళ్లకు

సంపాదకుల వారికి,

ఆదివారం అనుబంధంలో కథలు వదలకుండా చదువుతాను. కొత్తగా రాసే పిల్లలు "ఏం రాయాలో తోచడం లేదు" అంటుంటే బాధేస్తుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర మా కర్నూలు ఊళ్లోకి వచ్చింది, దాన్ని కళ్లారా చూసినవాళ్లు వీధి వీధినా ఉన్నారు కదా! నాకైతే వరద మొత్తం గుర్తు లేదు గానీ, నీళ్లు తీశాక మా అమ్మ బురదలోంచి తన పెళ్లి ఫొటో తీసి మిద్దె మీద ఎండబెట్టి, మొహాలు చెరిగిపోయినా పారేయనీయకుండా గూట్లో పెట్టుకోవడం మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. వరద గురించి రాయాలని కూర్చున్నన్నాళ్లూ పేపరు వార్తలాగే వచ్చేది. ఆ ఫొటో పట్టుకున్నాకే కథ కదిలింది. ఎవరేమన్నారో గుర్తు లేనిచోట కల్పించాను, పేర్లు మార్చాను, అమ్మను పక్కింటావిడను చేశాను. అది అబద్ధం కాదు, కథకు ఆ స్వేచ్ఛ ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి, కరువులో గంజి కేంద్రాల ముందు నిలబడిన సంగతులు కూడా బయటికొస్తాయి.

మీరు వారానికొక పాఠకుల జ్ఞాపకం వేయండి సార్, పావు పేజీ చాలు.

ఒక పాఠకురాలు,
పాతబస్తీ, కర్నూలు