జరిగింది జరిగినట్టే ఉంటుంది

సంపాదకులకు నమస్కారం.

సమయాన్ని ఎలా ఆదా చేసుకోవాలో చెబుతూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. రోజులో ప్రతి నిమిషానికీ లెక్క ఉండాలనీ, ఫలితం లేని పనులు పక్కన పెట్టేయాలనీ రాశారు. చాలామందికి పనికొచ్చే సలహాలే, కాదనను. కానీ ఆ "ఫలితం లేని పనులు" అన్న మాట దగ్గర ఆగిపోయాను, రెండు రోజులుగా అదే మనసులో తిరుగుతోంది, అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మకి మతిమరుపు జబ్బు. రోజూ పొద్దున్నే కుర్చీలో కూర్చోబెట్టి తల దువ్వుతాను. జుట్టు బాగా పలచబడింది, కుదుళ్ల దగ్గర ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వస్తూ చిక్కు తీయాలి, లేకపోతే నొప్పికి చిన్నపిల్లలా మొహం చిట్లిస్తుంది. పావుగంట పడుతుంది. ఆ పావుగంటా కళ్లు మూసుకుని హాయిగా కూర్చుంటుంది. మధ్యాహ్నానికి జడ ఊడిపోతుంది, ఎవరు వేశారో కూడా ఆవిడకి గుర్తుండదు. మొదట్లో నాకు ఒకటే టెన్షన్, ఆఫీసుకి లేటవుతోందని గడియారం చూస్తూ గబగబా లాగేసేదాన్ని. గుర్తే ఉండనప్పుడు దువ్వినా దువ్వకపోయినా ఒకటేగా అని కూడా అనుకున్నాను.

ఒకటి కాదండీ. అమ్మ మర్చిపోయినంత మాత్రాన అది జరగకుండా పోలేదు. రేపు అమ్మ పోయినా, ఆ తర్వాత నేను పోయినా, ఈ పొద్దున ఆవిడ హాయిగా కూర్చున్న పావుగంటని ఎవరూ జరగనట్టు చేయలేరు. "జరిగిందేదో జరిగిపోయింది" అని మనం చెడు జరిగినప్పుడే అంటాం, మంచికి కూడా ఆ మాట అంతే నిజం. శాశ్వతం అంటే నాకు అర్థమైంది ఇదే. అంతులేనంత పొడుగు కాలం ఎక్కడో ఉందని ఊహించుకుంటే నాకైతే కళ్లు తిరగడం తప్ప ఏమీ ఒరగలేదు.

అగస్టీన్ (354–430) అనే క్రైస్తవ గురువు కాలం అంటే ఏమిటో తేల్చుకోలేక సతమతమై, చివరికి తనకు కంఠతా వచ్చిన ఒక కీర్తనని ఉదాహరణగా తీసుకున్నాడు. మొదలుపెట్టక ముందు కీర్తన మొత్తం ఎదురుచూపులో ఉంటుంది, పాడుతున్నకొద్దీ ఒక్కో ముక్కా జ్ఞాపకంలోకి వెళ్తుంది, మనిషి జీవితం మొత్తం కూడా ఇలాంటిదే అంటాడు. మతం సంగతి పక్కన పెట్టినా ఇది నాకు బాగా పట్టింది. పాటలోంచి ఒక్క అక్షరాన్ని ఊడదీసి దీని ఫలితం ఎంత అని అడిగితే ఏం చెబుతాం?

ఫలితం అంటే గుర్తొచ్చింది, ఎడ్మండ్ హేలీ అనే ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త 24 తోకచుక్కల దారులు చేత్తో లెక్కగట్టి 1705లో అచ్చు వేయించాడు. 1531, 1607, 1682లో కనబడింది ఒకే తోకచుక్కేననీ, 1758లో మళ్లీ వస్తుందనీ చెప్పాడు. ఆయన పుట్టింది 1656లో, అంటే అది వచ్చేసరికి తనకి నూరు దాటుతాయని ఆయనకి తెలియక కాదు. 1742లో పోయాడు, తోకచుక్క 1758 డిసెంబరులో కనబడింది. కూడికలు తీసివేతలతో కూర్చున్న ఆయన రోజుల్ని మీ వ్యాసం ఏ ఖాతాలో రాస్తుంది?

ఇందులో బరువు కూడా ఉందని ఒప్పుకోవాలి. మంచి చెరిగిపోకపోతే చెడూ చెరగదు. ఒకరోజు తొందరలో దువ్వెన గట్టిగా లాగితే అమ్మ "అబ్బా" అని నా చెయ్యి పట్టుకుంది, నేను విసుక్కున్నాను. సాయంత్రానికి ఆవిడ మర్చిపోయింది. నేను మర్చిపోలేదు, మర్చిపోయినా అది జరిగిందే. తర్వాత రోజులన్నీ జాగ్రత్తగా దువ్వినా ఆ ఒక్కరోజు అలాగే ఉంది.

ఇప్పుడు దువ్వేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టి వస్తున్నాను. ఆఫీసులో ఒకటి రెండుసార్లు మాట పడ్డాను, పడతాను. మళ్లీ సమయం గురించి రాయించేటప్పుడు, మంచం పట్టినవాళ్లకి అన్నం తినిపించేవాళ్లనీ, మాట గుర్తుండని వాళ్లతో రోజంతా మాట్లాడేవాళ్లనీ కూడా ఒకసారి అడిగి రాయించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు